వసంతకాలపు వాతావరణ అనిశ్చితి - కుటుంబ ప్రకృతియాత్రా ప్రణాళిక: విశాఖ-అరకు మార్గం ఆధారంగా వివరణ

వ్యాససంగ్రహం:

చైత్ర వైశాఖ మాసాలలో పిల్లలతో, పెద్దలతో కలిసి కొండప్రాంతాలకు రోడ్డుమార్గాన వెళ్ళే కుటుంబాలకు ప్రధానసమస్య వాతావరణం. ఉదయం నిర్మలంగా ఉన్న ఆకాశం సాయంత్రానికి ఉరుములతో, పిడుగులతో, వడగళ్ళతో విరుచుకుపడవచ్చు. ఈ వానలను పత్రికలు 'అకాలవర్షాలు' అంటున్నాయి. అవి నిజంగా అకాలమా, వాటిలో ముందుగా తెలిసేది ఎంత, తెలియనిది ఎంత అనే ప్రశ్నలను ఈ వ్యాసం చర్చిస్తుంది. కార్తెల సామెతలు, వాతావరణశాఖ నివేదికల భాష, విశాఖపట్నం నుంచి అరకులోయకు వెళ్ళే మార్గం అనే మూడింటిని ఆధారంగా తీసుకుని, యాత్రాప్రణాళికను తేదీ చుట్టూ కాక వేళ చుట్టూ నిర్మించుకోవాలని ప్రతిపాదించడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: వసంతఋతువు, కార్తెలు, సామెతలు, అకాలవర్షం, వాతావరణ నివేదిక, పిడుగు, అరకులోయ, గోస్తనీనది, కుటుంబయాత్ర.

1. ఉపోద్ఘాతం:

తెలుగునాట కుటుంబమంతా కలిసి ప్రయాణించడానికి వీలుచిక్కే కాలం చాలా తక్కువ. పిల్లల పరీక్షలు ముగియాలి, ఉద్యోగులకు సెలవు దొరకాలి, ఇంట్లోని పెద్దవారి ఆరోగ్యం అనుకూలించాలి. ఈ మూడూ కలిసివచ్చేది ఉగాది మొదలు వేసవి సెలవుల తొలివారాల వరకు. పంచాంగరీత్యా ఇది వసంతఋతువు. భారత వాతావరణశాఖ లెక్కలో మార్చి నుంచి మే వరకు గల ఈ మూడు నెలలు ఋతుపవనాలకు ముందరి కాలం. ఆ విభజనలో వసంతమనే పేరుతో ప్రత్యేకమైన కాలం లేదు.

ఈ కాలంలో యాత్రికుని ముందు రెండు ప్రమాదాలుంటాయి. ఒకటి మైదానంలో ఎండ, రెండు కొండలలో గాలివాన. రెండూ ఒకేరోజున ఎదురు కావచ్చు. మధ్యాహ్నం శృంగవరపుకోట దగ్గర చెమటలు కక్కించిన రోజే సాయంత్రం అనంతగిరి దగ్గర వడగళ్ళు పడవచ్చు. ఈ అనిశ్చితికి భయపడి యాత్రను మానుకోవడం, దానిని లెక్కచేయకుండా బయలుదేరడం అనే రెండు ధోరణులు సాధారణంగా కనిపిస్తాయి. అనిశ్చితిని విడదీసి చూస్తే ఈ రెండూ అవసరం లేదని తెలుస్తుంది.

1.1 వ్యాసపరిధి:

విశాఖపట్నం-అరకు మార్గాన్ని ఇక్కడ ఉదాహరణగా తీసుకోవడానికి కారణాలున్నాయి. సుమారు 115 కిలోమీటర్ల దూరంలోనే సముద్రతీరం, మైదానం, ఘాట్‌రోడ్డు, సుమారు 900 మీటర్ల ఎత్తులోని లోయ వరుసగా వస్తాయి. గుహలు, జలపాతం, వాగు, కాఫీతోటలు ఈ మార్గంలోనే ఉన్నాయి. కనుక వసంతకాలపు వాతావరణంలోని వైవిధ్యమంతా ఒక్క ప్రయాణంలో పరిశీలించవచ్చు. ఇక్కడ చెప్పిన పద్ధతిని స్థానికమైన మార్పులతో నల్లమలకూ మారేడుమిల్లికీ కూడా అన్వయించుకోవచ్చు.

2. వసంతం - మూడు దృష్టులు:

2.1 కావ్యసంప్రదాయం:

ప్రబంధాల అష్టాదశవర్ణనలలో ఋతువర్ణన ఒకటి. ఆ సంప్రదాయంలో వసంతమంటే మామిడిచిగురు, కోకిలకూత, తుమ్మెదల ఝంకారం, మలయమారుతం. ఉరుములు, మెరుపులు, నల్లమబ్బులు వర్షర్తువుకు కేటాయించిన సామగ్రి. ఋతువుల లక్షణాలను స్థిరపరచడం కవిసమయంగా ఎంతో ప్రయోజనకరమే. అయితే పాఠ్యపుస్తకాల ద్వారా, ఉగాది శుభాకాంక్షల ద్వారా మన మనసులో స్థిరపడిన వసంతచిత్రం కూడా ఇదే. అందులో పిడుగుకు చోటు లేదు. అందుకే చైత్రంలో పిడుగు పడితే మనకు అది ఋతుధర్మం తప్పినట్లు తోస్తుంది.

2.2 కార్తెల సామెతలు:

రైతుల జ్ఞానం ఇంతకు భిన్నమైనది. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రంలో ఉండే కాలాన్ని కార్తె అంటారు. ఒక్కో కార్తె ఇంచుమించు పదమూడు, పద్నాలుగు రోజులు. చాంద్రమానంలోని పండుగల తేదీలు ఏటా మారుతుంటాయి. కార్తెలు సౌరమానానివి కనుక ఏటా దాదాపు అవే తేదీలలో వస్తాయి. అశ్విని ఏప్రిల్ మధ్యలోను, భరణి ఏప్రిల్ చివరివారంలోను, కృత్తిక మే రెండోవారంలోను, రోహిణి మే చివరివారంలోను మొదలవుతాయి. ఉగాది మార్చి మధ్యభాగం నుంచి ఏప్రిల్ మధ్యభాగం దాకా ఎప్పుడైనా రావచ్చు. కాబట్టి వాతావరణాన్ని అంచనా వేయడానికి తిథికంటే కార్తె మెరుగైన కొలమానం.

వాడుకలోని సామెతలను చూద్దాం. 'అశ్వని కురిస్తే అంతా నష్టం' అనేది ఒకటి. 'భరణి కురిస్తే ధరణి పండుతుంది' అనేది మరొకటి. రెండు వారాల ఎడంలో ఒకే రకమైన వాన ఒకసారి నష్టం, మరొకసారి లాభం అయింది. ఇక్కడ మారినది ఆకాశం కాదు, పొలం. ముందరి పక్షంలో పంట కోతమీదో కళ్ళంలోనో ఉంటుంది. తరువాతి పక్షానికి నేల ఖాళీ అయి వేసవిదుక్కికి ఎదురుచూస్తుంది. అంటే ఈ సామెతలు వానను పంటదశతో ముడిపెట్టి చెబుతున్నాయి.

భరణిఎండకు బండలు పగులుతాయని, రోహిణిఎండకు రోళ్ళు పగులుతాయని చెప్పే సామెత కూడా ఉంది. భరణి కార్తె గురించే ఒకచోట వాన, మరొకచోట ఎండ ప్రస్తావనకు వచ్చాయి. పైకి పరస్పరవిరుద్ధంగా కనిపించే ఈ రెండు సామెతలూ కలిసి ఆ కాలపు అసలు లక్షణాన్ని పట్టిస్తున్నాయి. తీవ్రమైన ఎండ, దాని వెంటనే వచ్చే గాలివాన ఒకే ఋతువుకు చెందినవని అనుభవం తెలిపింది.

2.3 'అకాలవర్షం' అనే మాట:

మార్చి, ఏప్రిల్ నెలలలో వాన పడినప్పుడల్లా వార్తలలో వినిపించే మాట 'అకాలవర్షం'. రైతుదృష్టిలో ఇది సరైన మాట. రాలిన మామిడికాయ, కళ్ళంలో తడిసిన మిర్చి, నేలకొరిగిన వరి చూసినవారికి ఆ వాన కాలం కాని కాలంలో వచ్చినదే. కాని వాతావరణశాస్త్రదృష్టిలో ఈ ఉరుముల వానలు ఋతుపవనాలకు ముందరి కాలంలో ఏటా సహజంగా వచ్చేవే. దక్షిణాదిన వీటిని మామిడి జల్లులన్నారు, బెంగాలులో కాలబైశాఖి అన్నారు. వైశాఖమాసం పేరే ఆ గాలివానకు స్థిరపడిందంటే అది ఋతువులో అంతర్భాగమని ప్రజలు గుర్తించినట్లే.

ఈ మాటను యాత్రికుడు యథాతథంగా తీసుకోవడంవల్ల చిక్కు వస్తుంది. 'అకాలం' అన్నది అనుకోనిది, అనుకోనిదానికి సిద్ధపడటం కుదరదు. ఋతుసహజమైనదానికి మాత్రం సిద్ధపడవచ్చు. పంటకు అకాలమైనది ప్రయాణానికి అకాలం కాదని గ్రహించడం ప్రణాళికలో తొలిమెట్టు.

3. గాలివాన పుట్టుక:

వసంతంలో నేల త్వరగా వేడెక్కుతుంది. బంగాళాఖాతం మీదుగా వచ్చే దక్షిణ, ఆగ్నేయ గాలులు తేమను లోపలికి మోసుకొస్తాయి. వేడెక్కిన తేమగాలి తేలికై పైకి లేస్తుంది. కొండవాలు ఎదురైతే ఆ గాలి మరింత సులభంగా పైకెక్కుతుంది. పైస్థాయిలోని గాలి పొడిగా, చల్లగా ఉన్నప్పుడు ఈ ఎగబాకుడు ఇంకా వేగవంతమై నిట్టనిలువుగా పెరిగే క్యుములోనింబస్ మేఘాలు ఏర్పడతాయి. ఉరుములు, పిడుగులు, వడగళ్ళు వీటినుంచే వస్తాయి. వానతోపాటు మేఘం నుంచి చల్లగాలి కిందికి దూసుకువచ్చి నేలను తాకి పక్కలకు వ్యాపిస్తుంది. వానకు ముందే మనకు తగిలే ఈదురుగాలి అదే.

నేల వేడి ఈ ప్రక్రియకు మూలం. ఆ వేడి ఉదయం తక్కువగా ఉండి మధ్యాహ్నానికి పతాకస్థాయికి చేరుతుంది. అందువల్ల ఈ మేఘాలు మధ్యాహ్నం నుంచి రాత్రి తొలిజాముల వరకు ఎక్కువగా పెరుగుతాయి. అల్పపీడనద్రోణి, ఉపరితల ఆవర్తనం వంటివి బలంగా ఉన్న రోజులలో తెల్లవారుజామున కూడా వాన పడవచ్చు. అయినా వసంతకాలంలో ఉదయంపూట ఆరుబయట తిరగడానికి అనువైనదనే సూత్రం చాలా రోజులకు వర్తిస్తుంది.

4. అనిశ్చితిలోని మూడు అంచెలు:

వాతావరణం ఎలా ఉంటుందో చెప్పలేమనే వాక్యంలో మూడు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి.

1. ఏ రోజు? ద్రోణి లేదా ఆవర్తనం ఏర్పడే సూచనలు కొన్ని రోజుల ముందే అందుతాయి. ప్రయాణతేదీ దగ్గరపడేకొద్దీ ఆ సూచన గట్టిపడుతుంది. ఒకటి రెండు రోజుల ముందరి అంచనాపై ఆధారపడినంతగా వారం ముందరి అంచనాపై ఆధారపడలేము.

2. ఏ వేళ? ఈ ప్రశ్నకు రోజువారీ ఉష్ణచక్రమే చాలావరకు సమాధానం చెబుతుంది. నెల ముందే తెలిసే విషయమిది.

3. ఏ చోట? ఒక మేఘం అరకుమీద కురుస్తుందా, పది కిలోమీటర్ల అవతల కురుస్తుందా అన్నది మేఘం పెరగడం మొదలయ్యాకనే తెలుస్తుంది. రాడార్ చిత్రాలు, రానున్న మూడు గంటలకు ఇచ్చే తక్షణ సూచనలు మాత్రమే ఇక్కడ పనికివస్తాయి.

సాధారణంగా కుటుంబాల శ్రమంతా మొదటి ప్రశ్నమీద ఖర్చవుతుంది. పదిరోజుల ముందునుంచే ఫోనులో వాన గుర్తును చూస్తూ ఆందోళన చెందుతారు. బాగా తెలిసిన రెండో అంశాన్ని మాత్రం ప్రణాళికలోకి తీసుకోరు. మంచిరోజు కోసం అంత వెతికి, ఆ రోజున ఆలస్యంగా బయలుదేరి సాయంత్రం నాలుగింటికి వాగు ఒడ్డున ఉండటం ఇందుకు పర్యవసానం.

5. వాతావరణ నివేదిక భాష:

అమరావతి వాతావరణ కేంద్రం, విశాఖపట్నంలోని తుఫాను హెచ్చరిక కేంద్రం వెలువరించే సూచనలు తెలుగులో అందుతున్నాయి. అందులోని పదాలు మామూలు మాటల్లా కనిపించినా వాటికి పారిభాషికార్థాలున్నాయి. పారిభాషికపదాన్ని లోకవ్యవహారంలోని అర్థంతో చదివితే తప్పుడు నిర్ణయం తీసుకునే అవకాశముంది.

5.1 విస్తృతిని తెలిపే పదాలు: 'ఒకటి లేదా రెండు చోట్ల' అంటే ఆ ప్రాంతంలోని వాతావరణ కేంద్రాలలో 25 శాతం వరకు వాన నమోదుకాగలదని అర్థం. 'కొన్నిచోట్ల' అంటే 26 నుంచి 50 శాతం. 'చాలాచోట్ల' అంటే 51 నుంచి 75 శాతం. 'దాదాపు అన్నిచోట్ల' అంటే 76 శాతం, ఆపైన. ఈ పదాలు వాన ఎంత మేర విస్తరిస్తుందో చెబుతాయి, ఎంత తీవ్రంగా ఉంటుందో చెప్పవు. 'ఒకటి లేదా రెండు చోట్ల పిడుగులు' అన్న వాక్యాన్ని 'ప్రమాదం స్వల్పం' అని చదువుకోకూడదు. ఆ ఒకటి రెండు చోట్లలో మనమున్నచోటు ఉంటే ప్రమాదం పూర్తిగా మనదే.

5.2 తీవ్రతను తెలిపే పదాలు: 24 గంటలలో 2.5 నుంచి 15.5 మి.మీ. వరకు కురిస్తే తేలికపాటి వాన, 15.6 నుంచి 64.4 మి.మీ. వరకు మోస్తరు, 64.5 నుంచి 115.5 మి.మీ. వరకు భారీ, 115.6 నుంచి 204.4 మి.మీ. వరకు అతిభారీ. 'మోస్తరు' అనే మాట వినడానికి మెత్తగా ఉంది. 60 మి.మీ. వాన రోజంతా పడితే నిజంగా మోస్తరే. అదే గంటలో పడితే కొండవాగు పొంగుతుంది. వసంతకాలపు వాన స్వభావం రెండో రకానిది.

5.3 కాలాన్ని తెలిపే పదాలు: వాతావరణశాఖ వర్షపాతదినం ఉదయం 8:30 నుంచి మరునాడు ఉదయం 8:30 వరకు. ఈ రోజుకు వాన సూచన అని ఉంటే అది సాయంత్రానికీ వర్తిస్తుంది, తెల్లవారుజాముకూ వర్తిస్తుంది. కేవలం ఆ మాట చూసి ఉదయపు కార్యక్రమాన్ని రద్దు చేసుకోనక్కరలేదు. మూడు గంటల సూచనతో కలిపి చదువుకోవాలి.

5.4 రంగులు: ఆకుపచ్చకు హెచ్చరిక లేదు. పసుపు అంటే గమనిస్తూ ఉండాలి. నారింజ అంటే సిద్ధంగా ఉండాలి. ఎరుపు అంటే వెంటనే చర్య తీసుకోవాలి. కుటుంబయాత్రకు ఒక సరళమైన నియమం పెట్టుకోవచ్చు. పసుపురోజున ఉదయపు కార్యక్రమాలకే పరిమితం కావాలి. నారింజరోజున ఘాట్ ఎక్కకూడదు. ఎరుపురోజున ఇల్లు కదలకూడదు.

5.5 జిల్లా పేరు: ఇది చిన్న విషయంగా కనిపించినా కీలకమైనది. 2022 ఏప్రిల్ 4 నాటి జిల్లాల పునర్విభజనతో అరకు, అనంతగిరి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వచ్చాయి. కొత్తవలస, శృంగవరపుకోట విజయనగరం జిల్లాలో ఉన్నాయి. బయలుదేరే ఊరు విశాఖపట్నం జిల్లాలోనిది. మూడు జిల్లాల సూచనలు చూడకుండా విశాఖ సూచన మాత్రమే చూసి బయలుదేరితే చేరవలసిన చోటు గురించి ఏమీ తెలుసుకోనట్లే.

6. విశాఖ-అరకు మార్గం - అన్వయం:

6.1 తేదీ ఎంపిక: ఒకే తేదీకి బదులు వరుసగా రెండు వారాంతాలను అట్టేపెట్టుకోవడం మేలు. తేదీ మార్చుకోవడానికి వీలున్న బసనే ఎంచుకోవాలి. కొంత ఎక్కువ ధర అయినా ఆ వెసులుబాటు విలువైనది. డబ్బు తిరిగిరాదన్న కారణంతోనే ప్రతికూల వాతావరణంలో బయలుదేరే సందర్భాలు ఎక్కువ. ఎత్తు పెరిగేకొద్దీ ప్రతి వెయ్యి మీటర్లకు ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీల సెల్సియస్ తగ్గుతుంది. ఆ లెక్కన అరకు తీరప్రాంతం కంటే దాదాపు ఆరు డిగ్రీలు చల్లన. వాన పడిన రాత్రి ఇంకా చల్లబడుతుంది. వేసవి ప్రయాణమైనా పసిపిల్లలకు, వృద్ధులకు పలుచని ఉన్నిదుస్తులు అవసరమే.

వాన యాత్రకు శత్రువు మాత్రమే కాదు. అరకు కాఫీతోటల పూత ఈ కాలపు జల్లులమీదనే ఆధారపడుతుంది. చాలినంత జల్లు పడిన ఎనిమిది, పది రోజులకు కాఫీమొక్కలు ఒక్కసారిగా తెల్లగా పూస్తాయి. మల్లెను తలపించే ఆ పరిమళం కొద్దిరోజులే ఉంటుంది. 2019లో 'అరకువ్యాలీ అరబికా' కాఫీకి భౌగోళికగుర్తింపు లభించింది. ఆ పంట మొదలయ్యేది ఈ వానతోనే. ఒక వారాంతం వానవల్ల వాయిదాపడితే, మరుసటి వారాంతానికి తోటలు పూతతో ఎదురుకావచ్చు. యాత్రను రద్దు చేసిన కారణమే యాత్రకు శోభ తెచ్చే సందర్భమిది.

6.2 వేళ: రెండు రోజుల యాత్రను ఈ విధంగా అమర్చుకోవచ్చు. మొదటిరోజు తెల్లవారుజామున ఐదున్నరకు విశాఖలో బయలుదేరితే పెందుర్తి, కొత్తవలస మీదుగా ఏడింటి ప్రాంతానికి శృంగవరపుకోట చేరవచ్చు. అల్పాహారం అక్కడే. ఘాట్ ఎక్కేముందు వచ్చే చివరి పెద్ద ఊరు కనుక ఇంధనం, మందులు చూసుకోవలసిందీ, మూడు గంటల సూచన చూసి కొనసాగాలా వద్దా అని తేల్చుకోవలసిందీ అక్కడే. పైకి వెళ్ళేకొద్దీ ఫోను సంకేతాలు చాలాచోట్ల అందవు. తరువాత అనంతగిరి పరిసరాల కాఫీతోటలు, బొర్రాగుహలు, వీలైతే కటికి జలపాతం. మధ్యాహ్నం రెండు గంటలకల్లా అరకు చేరి గిరిజన మ్యూజియం వంటి కప్పుకింది ప్రదేశాలకు, విశ్రాంతికి సాయంత్రాన్ని కేటాయించాలి. రెండోరోజు ఉదయం ఏడింటికే డుంబ్రిగుడ దగ్గరి చాపరాయి వాగు, ఆపై పద్మాపురం ఉద్యానవనం చూసి పదకొండింటికి తిరుగుప్రయాణం మొదలుపెట్టాలి.

ఈ అమరికలో ఒక ఇబ్బంది ఉంది. తిరిగివచ్చేటప్పుడు మైదానంలో మిట్టమధ్యాహ్నపు ఎండ తగులుతుంది. సాయంత్రం చల్లబడ్డాక దిగవచ్చు కదా అనిపిస్తుంది. అయితే ఎండ ముందుగా తెలిసిన ఇబ్బంది, కారులో నీటితో, నీడతో దానిని తట్టుకోవచ్చు. ఘాట్‌రోడ్డుమీద సాయంకాలపు గాలివాన ఎక్కడ ఎదురవుతుందో తెలియదు. తెలిసిన ఇబ్బందిని భరించి తెలియని ప్రమాదాన్ని తప్పించుకోవడమే ఇక్కడి తర్కం.

6.3 చోటు, ప్రత్యామ్నాయం: శృంగవరపుకోటలోనే వెనుదిరగవలసివస్తే పిల్లల నిరాశకు జవాబు ముందుగానే సిద్ధం చేసుకోవాలి. ఈ మార్గంలో అందుకు ప్రకృతే ఒక దారి చూపింది. బొర్రాకొండలలో పుట్టిన గోస్తని కటికి జలపాతమై దూకి, మైదానంలో తాటిపూడి జలాశయానికి చేరి, భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. కొండమీదికి వెళ్ళలేని రోజున అదే నదిని దిగువన తాటిపూడిలోను, భీమిలిలోను చూడవచ్చు. నది పుట్టుకను చూడాలని బయలుదేరిన పిల్లలు దాని సంగమాన్ని చూసి వస్తారు. మిగిలిన సగం మరో వారాంతానికి ఉంటుంది. ప్రత్యామ్నాయాన్ని రెండోరకం వినోదంగా కాక అసలు యాత్రలోనే మరొక భాగంగా రూపొందిస్తే వెనుదిరగడం ఓటమిగా తోచదు. జలాశయమైనా సముద్రతీరమైనా ఆరుబయలే కనుక అక్కడ కూడా మధ్యాహ్నానికి ముందే ముగించాలన్న నియమం మారదు.

7. మూడు ప్రమాదాలు - పాటించవలసినవి:

7.1 పిడుగు: మెరుపు కనిపించిన క్షణం నుంచి ఉరుము వినిపించేదాకా లెక్కపెట్టాలి. శబ్దం ఒక కిలోమీటరు రావడానికి దాదాపు మూడు సెకన్లు పడుతుంది. ముప్ఫై సెకన్లలోపే వినిపిస్తే మెరుపు పది కిలోమీటర్ల లోపల ఉన్నట్లు. వెంటనే పక్కా భవనంలోకో, అద్దాలు మూసిన కారులోకో చేరాలి. చివరి ఉరుము తరువాత అరగంట దాకా బయటికి రాకూడదు. ఉరిమినప్పుడు అర్జునుడి పేర్లు తలచుకోమని పెద్దలు పిల్లలకు నేర్పుతారు. భయం పోవడానికి ఆ పేర్లు, దూరం తెలియడానికి ఈ లెక్క రెండూ నేర్పవచ్చు. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ అధ్యయన సంస్థ రూపొందించిన 'దామిని' అనే యాప్ 20, 40 కిలోమీటర్ల పరిధిలోని పిడుగుల గురించి హెచ్చరిస్తుంది. ఫోను సంకేతం లేనిచోట కన్నే సాధనం. మేఘం నిలువుగా పెరిగి, పైభాగం కమ్మరి దాగలిలా చదునుగా పరుచుకుందంటే దిగిపోవలసిన సమయం వచ్చినట్లే.

చెట్టుకింద నిలబడటం అన్నిటికంటే ప్రమాదకరం. కారుకూ మనిషికీ నియమాలు ఇక్కడ కొంత వేరు. బయట ఉన్న మనిషికి ఖాళీమైదానం ప్రమాదం. కారులో ఉన్నవారికి లోహపుదేహం రక్షణ కనుక పిడుగుకంటే విరిగిపడే కొమ్మలు, జారిపడే రాళ్ళే ఎక్కువ భయం. కాబట్టి చెట్లకూ కొండచరియలకూ దూరంగా, రోడ్డు వెడల్పుగా ఉన్నచోట హెచ్చరిక దీపాలు వెలిగించి ఆగాలి. ద్విచక్రవాహనానికి ఈ రక్షణ లేదు.

7.2 వాగు, ఘాట్‌రోడ్డు: మనమున్నచోట ఎండగా ఉన్నా ఎగువన వాన పడితే వాగు పెరుగుతుంది. నీరు బురదరంగులోకి మారినా, ఆకులు, పుల్లలు కొట్టుకువచ్చినా, హోరు పెరిగినా వెంటనే ఒడ్డెక్కాలి. చాపరాయిలో బండలు నునుపైనవి, తడిస్తే జారుతాయి. పారే నీరు 15 సెం.మీ. లోతున్నా మనిషిని పడదోయగలదు, 30 సెం.మీ. ఉంటే చాలా కార్లను తేల్చగలదు. చాలాకాలం తరువాత పడిన తొలివానకు రోడ్డుమీది నూనె, దుమ్ము కలిసి జారుడుగా మారతాయి. దిగేటప్పుడు తక్కువ గేరులో నెమ్మదిగా దిగడం, ఎక్కే వాహనానికి దారి ఇవ్వడం ఘాట్‌రోడ్డు మర్యాద.

7.3 ఎండ: గరిష్ఠ ఉష్ణోగ్రత మైదానాలలో 40, తీరప్రాంతాలలో 37, కొండప్రాంతాలలో 30 డిగ్రీలకు చేరినప్పుడు, అది సాధారణం కంటే 4.5 డిగ్రీలో అంతకుమించో అధికంగా ఉంటే వాతావరణశాఖ వడగాలిగా పరిగణిస్తుంది. తీరంలో పరిమితి తక్కువగా పెట్టడానికి తేమ ఒక కారణం. తేమగాలిలో చెమట ఆరక శరీరం చల్లబడదు. నీరు, మజ్జిగ, ఓఆర్ఎస్ వెంట ఉంచుకోవాలి. ఆపిన కారులో పిల్లలను గాని, పెద్దవారిని గాని కొద్దినిమిషాలైనా వదిలి వెళ్ళకూడదు.

8. కుటుంబం - నిర్ణయాధికారం:

వాతావరణసమాచారం ఎంత ఉన్నా, దానిమీద నిర్ణయం తీసుకునేది కుటుంబం. వచ్చినంతదూరం వచ్చాం, ఇంకొక్కటి చూసి వెళ్దాం అనే మాట అందరినీ కదిలిస్తుంది. నిదానంగా నడిచే అమ్మమ్మ, ఘాట్ మలుపులకు వాంతి చేసుకునే పిల్లవాడు తమవల్ల యాత్ర ఆగిపోతుందేమోనన్న మొహమాటంతో నోరు విప్పరు. కారు నడిపేవారు అలసట ఒప్పుకోరు. అందువల్ల కొన్ని నియమాలను ఇంటిదగ్గరే అందరూ కలిసి నిర్ణయించుకోవాలి. మధ్యాహ్నం రెండు దాటాక వాగు, జలపాతం, కొండచూపు ఉండవు. చీకటిపడ్డాక ఘాట్ దిగరాదు. ఎవరు వెనక్కి వెళ్దామన్నా కారణం అడగకుండా అంగీకరించాలి. ముందే ఒప్పుకున్న నియమం కనుక ఆ క్షణంలో ఎవరిమీదా నింద పడదు.

ఈ ఋతువులో రోడ్డు యాత్రికులది మాత్రమే కాదు. మైదానంలో రోడ్డు అంచున ధాన్యమో మిరపకాయలో ఆరబోసి ఉండవచ్చు. మబ్బు కమ్ముకురాగానే వాటిని ఎత్తుకోవడానికి మనుషులు రోడ్డుమీదికి పరుగెత్తుతారు. యాత్రికునికి ఆ వాన ఒక వాయిదా, వారికి ఒక పంటకాలపు కష్టం. వాన మొదలయ్యే వేళ పల్లెలగుండా వేగం తగ్గించడం వాహనభద్రతతోపాటు ఇతరుల కష్టాన్ని గుర్తించడం కూడా.

9. ముగింపు:

* వసంతకాలపు ఉరుముల వానలు పంటకు అకాలమే గాని ఋతువుకు అకాలం కావు. 'అకాలవర్షం' అనే పదం రైతు అనుభవం నుంచి వచ్చింది. ప్రయాణప్రణాళికకు దానిని అదే అర్థంలో వాడకూడదు.
* భరణి కార్తెకు ఎండనూ వాననూ కలిపి చెప్పిన సామెతలు ఈ ఋతువు ద్విముఖస్వభావాన్ని సూచిస్తున్నాయి. అవి పంటదశలతో ముడిపడినవి కనుక నేటి వాతావరణ సూచనకు ప్రత్యామ్నాయం కావు. ఋతువును అర్థం చేసుకోవడానికి తోడ్పడతాయి.
* అనిశ్చితిని రోజు, వేళ, చోటు అని విడదీస్తే వీటిలో నెల ముందే తెలిసేది వేళ. ఆరుబయలు ఉదయం, కప్పుకింద మధ్యాహ్నం అనే క్రమమే ప్రణాళికకు వెన్నెముక.
* వాతావరణ నివేదికలోని 'ఒకటి లేదా రెండు చోట్ల', 'మోస్తరు' వంటి పదాలకు పారిభాషికార్థం వేరు. ఈ అర్థాలను భాషాబోధనలో, ముఖ్యంగా కళాశాలస్థాయి వ్యావహారికరచన పాఠాలలో, పరిచయం చేయడం అవసరం. హెచ్చరిక మాతృభాషలో అందినంతమాత్రాన అర్థమైనట్లు కాదు.
* వెనుదిరిగే నియమాన్ని, ప్రత్యామ్నాయాన్ని బయలుదేరకముందే కుటుంబమంతా కలిసి నిర్ణయించుకోవాలి.